తట్టెడు తట్టెడుగా కొండ చదును

వుర్మ్ ఆన్‌లైన్ ఆటలో కొత్తగా దిగినవాళ్ల చేతికి వచ్చే పనిముట్లలో పార ఒకటి. దాంతో నేలను ఒకసారి తవ్వితే తట్టెడు మట్టి సంచిలో చేరుతుంది, తవ్విన చోట నేల ఆ మేరకు కుంగుతుంది. ఆ గుంట తవ్వినవారి తెర మీద ఒక్కచోటే కాదు, అదే సర్వర్‌లో ఆడుతున్న అందరికీ కనిపిస్తుంది. ఆట కట్టేసి వెళ్లి వారం తర్వాత తిరిగొచ్చినా అక్కడే ఉంటుంది. తవ్వడం, మోయడం, పోయడం, చదును చేయడం అనే ఈ నాలుగు పనుల మీదే ఆ ఆటలోని ఊళ్లూ రోడ్లూ కాలువలూ లేచాయి.

ముందే రాసిపెట్టిన కథ లేకుండా, ఎవరికి తోచింది వాళ్లు కట్టుకునేలా వదిలేసిన ఆటలను శాండ్‌బాక్స్ ఆటలంటారు. పిల్లల ముందు ఇసుక కుప్ప పోసి ఆడుకోమన్నట్టు. స్వీడన్‌కు చెందిన రోల్ఫ్ యాన్సన్, మార్కస్ పెర్సన్ కలిసి జావా భాషలో రాసిన వుర్మ్ ఆన్‌లైన్ 2006లో జనంలోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది పెర్సన్ దాన్ని విడిచి వెళ్లారు. 2009లో మైన్‌క్రాఫ్ట్ మొదలుపెట్టింది ఆయనే. యాన్సన్ ఆ తర్వాత చాలా ఏళ్లు వుర్మ్‌తోనే ఉన్నారు. మైన్‌క్రాఫ్ట్ పేరు ఇప్పుడు బడిపిల్లలందరికీ తెలుసు, వుర్మ్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. కానీ మట్టిపని సంగతి వరకూ చూస్తే, దానికి వుర్మ్ ఇచ్చినంత బరువు, మర్యాద ఇచ్చిన ఆటలు అరుదు.

నేలను ఆ ఆట ఎలా లెక్కపెట్టుకుంటుందో తెలిస్తే గానీ తవ్వకం బోధపడదు. ఆట జరిగే దీవి మొత్తాన్నీ 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల గళ్లుగా విడగొట్టారు. ఒక్కో గడిని టైలు అంటారు. కంప్యూటర్ గుర్తుంచుకునేది మాత్రం గళ్లు కలిసే మూలల ఎత్తును. నాలుగు మూలలకు నాలుగు అంకెలు. వాటి మీద దుప్పటి పరిచినట్టుగా నేల తెర మీద కనిపిస్తుంది. పందిరి రాటలను తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నడిమి రాటను జానెడు దించితే దాని చుట్టూ ఉన్న నాలుగు గళ్ల కప్పూ అటువైపు వాలుతుంది. వుర్మ్‌లో ప్రతి మూలా అలాగే నాలుగు గళ్లకు ఉమ్మడి. కొత్తవాళ్లు పడే తికమకలో చాలావరకు ఇక్కడే పుడుతుంది. ఒక గడి చదునైందని సంతోషించేలోపు పక్కగడి వంకరపోయి ఉంటుంది. పక్కదాన్ని సరిచేయబోతే మొదటిది చెడుతుంది.

ఎత్తుకు కొలత 10 సెంటీమీటర్లు. ఒకసారి తవ్వితే మూల అంత కిందికి దిగి, ఒక మట్టి కుప్ప చేతికొస్తుంది. దాని బరువు 20 కిలోలు. మనవైపు కూలీలు నెత్తికెత్తుకునే తట్టకు ఇది ఇంచుమించు సరిపోతుంది కాబట్టి దాన్ని తట్ట అనే పిలుచుకోవచ్చు. అసలు లెక్క కడితే, ఒక మూల 10 సెంటీమీటర్లు దిగినప్పుడు నాలుగు గళ్లలో కలిపి పోయే మట్టి సుమారు 1.6 ఘనమీటర్లు. నిజమైన నేలలో అది రెండు టన్నులకు పైనే తూగుతుంది. ఆట దాన్ని 20 కిలోలకు కుదించి ఆటగాడి మీద దయ చూపింది. అయినా పని చిన్నదేమీ కాదు.

తవ్వే మనిషి ఏ మూలకు దగ్గరగా నిలబడితే ఆ మూలే దిగుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గడి మధ్యలో నిలబడి తవ్వరు. ముందు మూల దగ్గరికి నడిచి, ఏ గళ్ల అంచులు అక్కడ కలుస్తున్నాయో చూసుకుని, అప్పుడు పార వేస్తారు. పార వేసిన ప్రతిసారీ ఒంట్లో సత్తువ కొంత తరుగుతుంది. సత్తువ తగ్గినకొద్దీ పని నెమ్మదిస్తుంది, ఆగి ఊపిరి తీసుకుంటే మళ్లీ పుంజుకుంటుంది. తవ్వకంలో నైపుణ్యాన్ని 1 నుంచి 100 దాకా అంకెలతో కొలుస్తారు. మొదట్లో అది గబగబా పెరుగుతుంది, పోనుపోను ఒక్కో మెట్టుకూ వేల పోట్లు పడతాయి. డబ్బు కట్టకుండా ఆడేవాళ్లకు 20 దగ్గర ఆగిపోతుంది. పచ్చిక మీద పార పడితే ఆ గడి వట్టి మట్టిగా మారుతుంది; వదిలేస్తే కొన్నాళ్లకు చుట్టుపక్కల గడ్డి పాకి మళ్లీ పచ్చబడుతుంది. గడ్డి మొలవకుండా ఉండాలంటే పారతో నేలను దిమ్మిస కొట్టినట్టు గట్టిపరచాలి.

తవ్విన మట్టి ఎటు పోతుంది అన్నదే ఈ ఆటలో అసలు ప్రశ్న. అది మాయమైపోదు. సంచిలో ఉంటుంది, సంచి నిండితే మనిషి నడక మందగిస్తుంది, ఇంకా ఎత్తుకుంటే అడుగు కదలదు. కాబట్టి బండి కావాలి, లేదా ఒడ్డున మట్టి దాచే పెద్ద చెక్కపెట్టెలు కావాలి. సంచిలోని తట్టను కింద పోస్తే దగ్గరి మూల 10 సెంటీమీటర్లు లేస్తుంది. అక్కడ వాలు మరీ నిట్టనిలువుగా ఉంటే పోసిన మట్టి నిలవక దిగువ మూలకు జారిపోతుంది. కొండ అంచున నిలబడి మట్టి పోస్తూ గట్టు కడుతున్నాననుకున్నవాడు, కాసేపటికి కిందనున్న లోయ పూడుతోందని గమనిస్తాడు.

వాలుకు కూడా ఇదే కొలత. పక్కపక్క మూలల ఎత్తుల్లో ఎన్ని తట్టల తేడా ఉందో అదే వాలు. తేడా 40 అయితే, 4 మీటర్ల దూరంలో నేల 4 మీటర్లు లేచినట్టు, అంటే సరిగ్గా 45 డిగ్రీలు. ఇళ్ల అంతస్తు ఎత్తు 30 తట్టలు, అంటే 3 మీటర్లు. చేయి తిరగని మనిషి ఎంత నిటారు గోడనైనా తవ్వేస్తానంటే ఆట ఒప్పుకోదు. యుద్ధాలు లేని దీవుల్లో ఈ హద్దు నైపుణ్యానికి సుమారు మూడు రెట్లు. నైపుణ్యం 10 ఉన్నవాడు 30 వాలు దాటి తవ్వలేడు. పార ఎత్తినా ఆట ఆపేస్తుంది. ఈ నియమం మట్టిపనికి ఒక క్రమాన్ని తెచ్చిపెట్టింది. లోతుగా దిగాలంటే ముందు చుట్టూ మెట్లుమెట్లుగా తవ్వుకుంటూ రావాలి. ఊరి బావి తవ్వేవాళ్లు ఒడ్డు విరిగి మీద పడకుండా పైన వెడల్పుగా మొదలుపెట్టినట్టే.

చదును చేయడానికి రెండు ఆజ్ఞలున్నాయి, వాటి తేడా తెలియక నష్టపోయేవాళ్లు చాలామంది. ఫ్లాటెన్ అన్నది ఒక గడిలో ఎత్తుగా ఉన్న మూల నుంచి మట్టి తీసి పల్లంగా ఉన్న మూలకు వేస్తుంది. బయటి మట్టి అవసరం లేదు. నాలుగు మూలలూ వాటి సగటు ఎత్తుకు వస్తాయి. ఆ సగటు ఎంతవుతుందో ముందే లెక్క చూసుకోకపోతే, అనుకున్న మట్టానికి రెండు మూడు తట్టలు పైనో కిందో ఆగుతుంది. లెవెల్ అన్నది వేరు. ముందు పూర్తిగా చదునైన గడి ఒకటి ఉండాలి. దాని మీద నిలబడి పక్కగడిని చూపిస్తే, దాని మూలలన్నీ కాళ్ల కింది మట్టానికి వచ్చేదాకా పని సాగుతుంది. పక్కగడి ఎత్తుగా ఉంటే తవ్విన మట్టి సంచిలోకి వస్తుంది, పల్లంగా ఉంటే సంచిలోది ఖర్చవుతుంది. సంచి ఖాళీ అయితే పని ఆగుతుంది. ఒక్క గడిని జాగ్రత్తగా సరిచేసుకుని, అక్కణ్నుంచి ఒక్కో గడీ కలుపుకుంటూ పోవడమే అందరూ పాటించే పద్ధతి. వరి మడిలో ఒక మూల నుంచి దమ్ము మొదలుపెట్టి పొలమంతా ఒక మట్టానికి తెచ్చే రైతుకు ఇది కొత్తగా అనిపించదు.

ఈ లెక్క ఎంత దూరం పోతుందో ఒక వాలును తీసుకుని చూడవచ్చు. ఇల్లూ పెరడూ కోసం పది గళ్ల పొడవు, పది గళ్ల వెడల్పు ఉన్న స్థలం కావాలనుకుందాం. అది 40 మీటర్ల చదరం. కొండ ఒకవైపుకు గడికి 10 తట్టల చొప్పున సమంగా లేస్తోంది. పది గళ్లంటే మూలల వరసలు పదకొండు, ఒక్కో వరసలో మూలలు పదకొండు. అడుగు వరస ఎత్తు సున్నా అనుకుంటే, తర్వాతివి 10, 20, అలా పై వరస 100. మొత్తం స్థలాన్ని అడుగు మట్టానికి దించాలంటే ఒక్కో నిలువు వరసలో తవ్వాల్సింది 550 తట్టలు. పదకొండు వరసలకు 6,050. అంటే 121 టన్నులు. అంత మట్టినీ ఎక్కడో పారబోయాలి కూడా.

అదే స్థలాన్ని మధ్య మట్టానికి, అంటే 50కి తెస్తే కథ మారుతుంది. పై సగంలో ఒక్కో నిలువు వరసకు 10, 20, 30, 40, 50 కలిపి 150 తట్టలు తవ్వాలి. కింది సగంలో సరిగ్గా 150 తట్టలు పోయాలి. మొత్తం తవ్వకం 1,650 తట్టలు. బయటికి మోయాల్సింది ఒక్క తట్టా లేదు, బయట నుంచి తేవాల్సింది కూడా లేదు. తవ్వాల్సింది ముందున్నదానిలో నాలుగో వంతు పైచిలుకే. రైలుకట్టలూ రహదారులూ వేసే ఇంజినీర్లు కోసిన మట్టినీ పోసిన మట్టినీ సరితూచుకునేది ఇందుకే. కొండను కోసిన చోట వచ్చిన మట్టి పక్క పల్లంలో గట్టుగా మారితే లారీ ఖర్చు మిగులుతుంది. కాలేజీలో పాఠంగా చెప్పే ఈ సూత్రాన్ని వుర్మ్ ఆటగాళ్లు నడుము నొప్పితో నేర్చుకుంటారు అంటే అతిశయోక్తి కాదు, ఎందుకంటే అక్కడ ప్రతి తట్టకూ నిజంగా సమయం పడుతుంది.

ఆ స్థలం అంచుల సంగతి ఇంకా మిగిలే ఉంది. 50 దగ్గర ఆపితే పై వరసకు ఆనుకుని ఉన్న కొండ మూల ఎత్తు 110. తేడా 60. అంటే అక్కడ 6 మీటర్ల గోడ నిలబడుతుంది, దాన్ని తవ్వడానికి ఇంచుమించు 20 నైపుణ్యం ఉండాలి. అడుగు మట్టానికి దించాలనుకున్నవాడికైతే ఆ గోడ 110 వాలు, దానికి 37 దాకా కావాలి. కాబట్టి స్థలం ఎంచుకునేటప్పుడే చేతికి ఎంత పని వచ్చో చూసుకోవాలి. ఇళ్లకు ఎంత వాలైనా పనికిరాదు. ఇంటి నమూనా గీయాలంటే ఆ గళ్లన్నీ ఒకే మట్టంలో ఉండాల్సిందే. ఇల్లు లేచాక దాన్ని ఆనుకున్న మూలలను ఎవరూ తవ్వలేరు. ఒక్క మూలలో ఒక్క తట్ట తేడా ఉన్నా, గోడలు లేవకముందే సరిచేసుకోవాలి.

మట్టి కింద ఎప్పుడూ రాయి ఉంటుంది, ఎంత లోతున ఉందో పైకి తెలియదు. కొండ మీద రెండు మూడు తట్టల కిందే తగలొచ్చు, మైదానంలో చాలా లోతు దాకా మట్టే ఉండొచ్చు. పార రాయికి తగిలితే ఇక దిగదు. గడి నాలుగు మూలల్లోనూ మట్టి అయిపోయాక ఆ గడి బండగా బయటపడుతుంది, అప్పుడు పికాసు పట్టాలి. పికాసు దెబ్బకు రాతి ముక్కలు వస్తాయి గానీ ప్రతి దెబ్బకూ మూల దిగదు. మట్టిలో ఒక పూట పని బండలో రోజుల మీదికి పోతుంది. పొరపాటున రాతిని ఒక మెట్టు ఎక్కువ దించితే దాన్ని మట్టితో పూడ్చవచ్చు, కానీ అది మళ్లీ రాయి కాదు. రాతి మట్టాన్నే లేపాలంటే కాంక్రీటు పోయాలి. రాతి నేల తగిలిన చోట ఓపిక లేనివాళ్లు స్థలమే మార్చుకుంటారు, పట్టుదల ఉన్నవాళ్లు మెట్టుమెట్టుగా దించుతారు. ఆ దీవుల్లో నిటారు రాతి గోడల నడుమ నడిచే రోడ్ల వెనక ఉన్నది ఈ రెండో రకం మనుషులే.

నీటికి వుర్మ్ ఒక సులువైన నియమం పెట్టింది. సముద్రమట్టమే సున్నా, ఏ మూల సున్నాకు దిగువకు పోతే అక్కడ నీళ్లుంటాయి. నీరు పారదు, ఇంకదు. సముద్రానికి ఎంత దూరాన తవ్వినా సున్నా దాటగానే నీళ్లు కనిపిస్తాయి. కొండ మీద చెరువు కట్టడానికి ఈ నియమం అడ్డు వస్తుంది, కాలువలు తవ్వడానికి మాత్రం వరమైంది. దీవికి అడ్డంగా కాలువ తవ్వి పడవలను ఈ తీరం నుంచి ఆ తీరానికి దగ్గరిదారిన పంపేందుకు ఆటగాళ్లు జట్లుగా పనిచేశారు. నీటి అడుగున తవ్వడానికి పడవలోంచి వాడే పనిముట్టు కూడా ఉంది. మట్టం చూసుకోవడానికి కూడా ఈ నీరు అక్కరకొస్తుంది. మన తాపీమేస్త్రీలు సన్నని గొట్టంలో నీళ్లు నింపి గోడ ఈ చివరా ఆ చివరా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసినట్టు, తీరం దగ్గర పనిచేసేవాళ్లు నీటి అంచునే ఆధారంగా పెట్టుకుంటారు. తీరానికి దూరంగా కొలవడానికి డయోప్ట్రా అనే పరికరం ఉంది. ప్రాచీన గ్రీకులు సర్వేకు వాడిన పరికరం పేరే అది. ఒకరు దాని దగ్గర నిలబడితే ఇంకొకరు దూరాన కర్ర పట్టుకోవాలి. అలా ఇద్దరు కలిస్తేనే ఎత్తుల తేడా తెలుస్తుంది.

ఇంత పని ఒక్కరివల్ల కాదు కాబట్టి మనుషులు చేరతారు. ఒకరు తవ్వుతుంటే ఇంకొకరు బండి తోలతారు, మూడోవారు పల్లంలో లెవెల్ చేస్తూ ఉంటారు. మట్టి సరుకైంది. తవ్వకం మీద ఇష్టం ఉన్నవాళ్లు పెట్టెల కొద్దీ మట్టి పోగేసి, ఊరు కట్టుకునేవాళ్లకు ఆటలోని నాణేలకు అమ్ముతారు. ఊరి హక్కుపత్రాన్ని డీడ్ అంటారు. దాని హద్దుల్లో అనుమతి లేకుండా ఎవరూ పార వేయలేరు. హద్దు దాటితే ఎవరైనా తవ్వొచ్చు. ఇంటి ముందు దారికి అడ్డంగా పక్కవాళ్లు కందకం తవ్వారని తగవులు రావడం అక్కడా మామూలే.

పెర్సన్ తర్వాత చేసిన మైన్‌క్రాఫ్ట్‌లో మట్టి ఇంకో తీరున ఉంటుంది. మూలలు లేవు, వాలు లేదు. లోకమంతా మీటరు భుజం గల ఘనాల దొంతర. ఒక ఘనాన్ని తీస్తే పక్కది కదలదు. ఇసుక, కంకర మాత్రం కింద ఆధారం పోతే పడతాయి. మట్టీ రాయీ గాల్లో నిలిచే ఉంటాయి. బరువు లేదు. ఒక్కో అరలో 64 చొప్పున 36 అరల్లో 2,304 ఘనాలు మోసుకుంటూ మనిషి పరుగెత్తగలడు. ఆ ఆటలో చదును చేసేవాళ్ల తపనంతా వేగం మీదే. రాతి ఘనాన్ని ఉత్త చేత్తో పగలగొట్టడానికి 7.5 సెకన్లు, కొయ్య పికాసుతో ఒక సెకనుకు కాస్త ఎక్కువ, వజ్రపు పికాసుతో 0.3 సెకను పడుతుంది. అంతకన్నా చాలా వేగం కావాలంటే మంత్రం పెట్టాలి.

ఆ లెక్క చిత్రంగా ఉంటుంది. వజ్రపు పికాసు వేగం 8. దాని మీద ఐదో స్థాయి ఎఫిషియెన్సీ మంత్రం 26 కలుపుతుంది, 34 అయింది. నాలుగు అంతస్తుల లోహపు పిరమిడ్ కట్టి, దాని మీద బీకన్ దీపం వెలిగిస్తే చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు వేగం మరో 40 శాతం పెరుగుతుంది. 34 కాస్తా 47.6 అవుతుంది. రాయి గట్టిదనం 1.5. దాన్ని ఒకే క్షణంలో పగలగొట్టాలంటే దానికి 30 రెట్లు, అంటే 45 దాటాలి. 47.6 ఆ గీతను కొద్దిలో దాటుతుంది. ఇక మనిషి నడుస్తూ పోతుంటే ఎదురుగా రాయి కరిగిపోతూ ఉంటుంది. ఆ పిరమిడ్‌కు పట్టే లోహపు దిమ్మెలు 164. అయితే 2021లో వచ్చిన మార్పుతో లోకం అడుగు 64 ఘనాలు కిందికి జరిగింది, అక్కడి లోతుల్లో డీప్‌స్లేట్ అనే నల్లరాయి పరుచుకుంది. దాని గట్టిదనం 3. అంటే 90 దాటాలి. కిందికి దిగిన కొద్దీ కరిగే రాయి కరగడం మానేసింది, పెద్ద గుంతలు తవ్వేవాళ్ల రోజువారీ లెక్కలన్నీ తిరగరాయాల్సి వచ్చింది.

మైన్‌క్రాఫ్ట్‌లో తీసిన ఘనాన్ని పెట్టెలో పడేసి మర్చిపోవచ్చు. వుర్మ్‌లో ప్రతి తట్టకూ చిరునామా వెతకాలి. చదును చేసిన నేల అక్కడ ఇంటికన్నా ఎక్కువకాలం బతుకుతుంది. డీడ్ నిలవాలంటే నెలనెలా నాణేలు కట్టాలి. కట్టడం మానేస్తే హక్కు రద్దవుతుంది. తర్వాత కంచెలు విరుగుతాయి, పైకప్పు పోతుంది, గోడలు ఒక్కొక్కటే మాయమవుతాయి. నేల మాత్రం పాత వాలుకు తిరిగి వెళ్లదు. గడ్డి పాకుతుంది, చెట్లు మొలుస్తాయి. ఏళ్ల తర్వాత ఇంటి స్థలం వెతుక్కుంటూ కొండెక్కిన కొత్తవాళ్లకు, చెట్ల నడుమ ఎక్కడా ఒక్క తట్ట తేడా లేని 40 మీటర్ల చదరం తగులుతుంది, దాని వెనక 6 మీటర్ల కోత గోడ. ఎవరు తవ్వారో చెప్పే బోర్డు ఉండదు. ఆ కొత్తవాళ్లు పార పక్కన పెట్టి, ఆ చదును మీదే ఇంటి నమూనా గీసుకుంటారు.